రిపోర్టులో 47, ఎక్స్‌ఎక్స్‌వై అని వచ్చింది. ఇంజెక్షన్ మొదలుపెట్టమంటున్నారు, పెట్టాలా?

కూర్మన్నపాలెం కుర్రాడు:
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నాకు 31. స్టీల్ ప్లాంట్ వైపు ఒక కాంట్రాక్ట్ కంపెనీలో పని. పెళ్లయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. మొదట్లో అందరూ మా ఆవిడ వైపే చూశారు. స్కాన్‌లు, ట్యూబ్ టెస్ట్, థైరాయిడ్, ఒకటేమిటి, అన్నీ చేయించారు, అన్నీ నార్మల్. అంతవరకూ నా శాంపిల్ ఎవరూ అడగనే లేదు. తర్వాత వేరే చోట అడిగితే ఇచ్చాను, వీర్యకణాల కౌంట్ నిల్. కొన్ని వారాలాగి మళ్లీ ఇచ్చినా నిల్లే. అప్పుడు హార్మోన్లు చూశారు: ఎఫ్‌ఎస్‌హెచ్ 34, ఎల్‌హెచ్ 19, టెస్టోస్టిరాన్ 210. దాని మీద కార్యోటైప్ అని క్రోమోజోములు చూసే టెస్ట్ రాశారు. నిన్న వాట్సాప్‌లో రిపోర్ట్ వచ్చింది, 47, ఎక్స్‌ఎక్స్‌వై, 20 కణాలు చూశాం అన్నిట్లోనూ అదే అని.

డాక్టర్ గారు రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇది క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మొదలుపెట్టేద్దాం, పిల్లల కోసం డోనర్ చూసుకోండి అని. చీటీ జేబులో ఉంది, ఇంజెక్షన్ ఇంకా కొనలేదు. రేపు వేయించుకోమన్నారు. వేయించుకోవాలా? ఇంకోటి, అడగడానికి సిగ్గుగా ఉంది గానీ అడిగేస్తున్నా, ఎక్స్‌లు రెండున్నాయంటే నేను పూర్తిగా మగాడినేనా?

ఎంవీపీ బావ:
తమ్ముడూ, మిగతాదంతా తర్వాత. పిల్లలు కావాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా ఆ ఇంజెక్షన్ రేపు వేయించుకోకు. వారం ఆలస్యమైతే కొంప మునగదు. వివరంగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వస్తారు.

పెందుర్తి పవర్:
అదేం ఊరికే పోయే రోగం కాదు బ్రో, సగం ఆడ సగం మగ అంటారు దీన్ని. మా వైపు ఒకాయన వేరు మందు ఇస్తాడు, నలభై రోజుల్లో కౌంట్ వస్తుంది, నంబర్ ఇస్తా.

నిర్వాహకుడు:
పెందుర్తి పవర్ గారూ, నంబర్లు, వేరు మందులు ఇక్కడ వద్దు. సగం ఆడ అనే మాట తప్పు, అడిగిన మనిషిని బాధపెట్టేది కూడా. పోస్ట్ తీసేయడం లేదు, కింద వచ్చే జవాబులు మీరూ చదవాలని.

ల్యాబ్‌లో మనిషి:
నేను కార్యోటైప్ చేసే ల్యాబ్‌లోనే పనిచేస్తాను కాబట్టి ఆ ముక్క వరకు చెబుతాను. మీ దగ్గర ఆకుపచ్చ మూత ట్యూబ్‌లో రక్తం తీసుకుని ఉంటారు, అందులో గడ్డకట్టకుండా హెపారిన్ ఉంటుంది. అందులోని తెల్ల కణాలను మూడు రోజుల పాటు కల్చర్‌లో పెంచుతాం, అవి విభజన చెందే సమయంలో సరిగ్గా మధ్యలో ఆపేస్తాం, ఎందుకంటే క్రోమోజోములు విడివిడిగా కనబడేది ఆ కాసేపే. తర్వాత రంగు వేసి, చారలు చూసి, జతలుగా పేర్చుతాం. మామూలు మగవాళ్లకి 46, చివర ఎక్స్, వై. మీకు ఒక ఎక్స్ ఎక్కువ, అందుకే 47. రక్తం ఇచ్చిన దగ్గర్నుంచి రిపోర్ట్ రావడానికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే, ల్యాబ్ వాళ్లు తాత్సారం చేశారనుకోకండి, కణాలు పెరగాలి కదా.

20 కణాలన్నిట్లోనూ ఒకేలా ఉందంటే రక్తం వరకు మిశ్రమం కనబడలేదని. కొందరికి కొన్ని కణాల్లో 46, కొన్నిట్లో 47 ఉంటాయి, దాన్ని మొజాయిక్ అంటాం. అలా అనుమానం ఉంటే ఇంకా ఎక్కువ కణాలు లెక్కపెట్టమని డాక్టర్ అడుగుతారు. అయినా రక్తంలో ఉన్నట్టే బీజాల్లోనూ, అంటే వృషణాల్లోనూ ఉంటుందని గ్యారంటీ లేదు. అసలు రిపోర్ట్ కాగితం, క్రోమోజోముల ఫొటోతో సహా, అడిగి తీసుకోండి. వాట్సాప్ పీడీఎఫ్ ఒక్కటే ఉంచుకుంటే రేపు ఇంకో ఊరు వెళ్లినప్పుడు మళ్లీ చేయించమంటారు.

ఎండో పీజీ:
హార్మోన్ల విభాగంలో చదువుకుంటున్నాను. మిమ్మల్ని చూడకుండా మందు చెప్పను, కానీ మీకు అర్థమయ్యేలా విషయం చెప్పగలను.

ముందు సిగ్గుపడుతూ అడిగినదానికి. మగవాడినే. పుట్టబోయే బిడ్డలో వృషణాలు తయారవ్వాలని చెప్పేది వై క్రోమోజోమ్ మీద ఉన్న ఎస్‌ఆర్‌వై అనే జన్యువు. మీకు వై ఉంది, అది దాని పని చేసింది. పక్కన ఎక్స్‌లు ఎన్నున్నా ఆ పని ఆగదు. ఆ అదనపు ఎక్స్ వల్ల యుక్తవయసు తర్వాత బీజాల్లోని సన్నటి గొట్టాలు క్రమంగా గట్టిపడిపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, టెస్టోస్టిరాన్ తయారీ కూడా మందగిస్తుంది. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపే మీ రిపోర్టులో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అంత ఎక్కువ కనబడటం.

ఇది అంత అరుదు కూడా కాదు. పుట్టే మగపిల్లల్లో సుమారు 600 మందిలో ఒకరికి ఉంటుంది. వైజాగ్ లాంటి ఊళ్లో అంటే ఎంతమంది ఉంటారో మీరే లెక్కేసుకోండి. చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదు, తెలిసినవాళ్లలో ఎక్కువమందికి మీలాగే పిల్లల కోసం వెళ్లినప్పుడు తెలుస్తుంది. డాక్టర్ చేత్తో చూసి పూసల దండ లాంటి ఒక కొలతతో బీజాల సైజు పోల్చి చూస్తే సగం విషయం అక్కడే తేలుతుంది. పెద్దవాళ్లకి మామూలుగా 15 మిల్లీలీటర్ల పైన ఉండాల్సింది, వీళ్లకి 4, 5 దగ్గర ఉండి గట్టిగా ఉంటాయి. ఆ చెయ్యి పెట్టి చూడటమే మన దగ్గర చాలామంది చేయరు, నేరుగా స్కాన్ రాసేస్తారు.

ఇక ఇంజెక్షన్ సంగతి. బయట నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే పిట్యూటరీకి ఇక చాలనిపించి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం ఆపేస్తుంది. అవి ఆగితే బీజాల్లో ఎక్కడో ఒకటి రెండు చోట్ల మిగిలి ఉన్న వీర్యకణాల తయారీ కూడా ఆగిపోతుంది. కౌంట్ నిల్ అంటే బయటికి రావడం లేదని, లోపల ఒక్కటీ లేదని కాదు. అందుకే పిల్లల గురించి తేల్చుకునేదాకా టెస్టోస్టిరాన్ ఆపి ఉంచుతారు. ఒకవేళ ముందే వేయించుకుని ఉంటే ఆపేసి కొన్ని నెలలు ఆగాలి, ఆ ఆగడం పేషెంట్‌కి నరకం, నీరసం, చిరాకు అన్నీ తిరిగొస్తాయి.

అలాగని టెస్టోస్టిరాన్ చెడ్డదని కాదు. మీకు అది కావాలి, రేపే కాదు అంతే. 210 వచ్చిన శాంపిల్ ఏ టైమ్‌లో ఇచ్చారు? ఉదయం ఏమీ తినకుండా 8 నుంచి 10 మధ్య ఇవ్వాలి, ఒకటికి రెండుసార్లు చూడాలి. మధ్యాహ్నం టిఫిన్ చేసి వెళ్లి ఇచ్చినా తక్కువే వస్తుంది.

కూర్మన్నపాలెం కుర్రాడు:
మేడమ్ లేదా సార్, మీ కాళ్లకి దండం. శాంపిల్ డ్యూటీ దిగి సాయంత్రం ఇచ్చాను. ఎవరూ టైమ్ చెప్పలేదు. లోపల ఉండొచ్చు అన్నారు కదా, అది బయటికి ఎలా తీస్తారు? ఇంకా, ఇది మా అమ్మవైపు నుంచి వచ్చిందా నాన్నవైపు నుంచా? అమ్మ అప్పుడే మొదలెట్టింది, మా వంశంలో ఎవరికీ లేదని.

ఎండో పీజీ:
వంశానికి సంబంధం లేదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సమానంగా విడిపోవాల్సిన చోట విడిపోలేదు, ఒకటి అదనంగా ఉండిపోయింది. దాదాపు సగం కేసుల్లో తల్లి వైపు, సగం కేసుల్లో తండ్రి వైపు జరుగుతుంది. మీ అమ్మగారు ఏదో తిన్నారనో, గ్రహణం రోజు బయటికి వెళ్లారనో ఎవరైనా అంటే నమ్మకండి.

బయటికి తీసేదాని పేరు మైక్రో టెసే. అనుభవం ఉన్నవాళ్లు చెబితే బాగుంటుంది.

సీతమ్మధార నుంచి:
నేను భార్యని, మా వారిది ఇదే కేసు. మైక్రో టెసే చేయించుకున్నారు. ఆయన అనుమతితోనే రాస్తున్నా.

మత్తు ఇచ్చి బీజాన్ని తెరిచి మైక్రోస్కోప్ కింద పెద్దగా చేసి వెతుకుతారు. పాడైపోయిన గొట్టాలు సన్నగా వెలిసిపోయినట్టు ఉంటాయట, పనిచేసేవి కాస్త లావుగా తెల్లగా ఉంటాయట, అలాంటివి కనబడితే ముక్క తీసి పక్కనే ఉన్న ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్‌కి ఇస్తారు. ఆవిడ అక్కడికక్కడే వెతుకుతుంది. గంటల తరబడి పడుతుంది. మేము బయట కుర్చీల్లో కూర్చుని ఎవరు తలుపు తీసినా లేచి నిలబడేవాళ్లం. కణాలు దొరికితే వెంటనే ఇక్సీకి, అంటే ల్యాబ్‌లో ఒక్కో కణాన్ని అండంలోకి ఎక్కించడానికి వాడతారు, లేదా ఫ్రీజ్ చేస్తారు. మాకు దొరకలేదు.

ముందే చెప్పారు, క్లైన్‌ఫెల్టర్‌లో దొరికే అవకాశం 40 నుంచి 50 శాతం అని. దొరికినంత మాత్రాన బిడ్డ పుడుతుందని కూడా కాదు, ఆ తర్వాత ఇక్సీ ఉంది, పిండం నిలబడాలి. ఎవరైనా మీకు 90 శాతం అని చెబితే లేచి వచ్చేయండి. అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఈ ఆపరేషన్ క్లైన్‌ఫెల్టర్ వాళ్లకి మీరు స్వయంగా ఎంతమందికి చేశారు, ఎంతమందిలో దొరికాయి అని. మామూలు సూదితో పొడిచి తీసే పద్ధతి వీళ్లకి పెద్దగా పనికిరాదు, అది చౌక అని ముందు అది చేసేద్దాం అంటారు, ఒప్పుకోకండి. ఆపరేషన్ తర్వాత టెస్టోస్టిరాన్ ఇంకా పడిపోతుంది, కొందరికి నెమ్మదిగా కోలుకుంటుంది, మా వారికి తర్వాత మందు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇంకోటి చెప్పాలి. మా అత్తగారు డోనర్ మాట రాగానే మరిది శాంపిల్ వాడొచ్చు కదా, రక్తం మనదే ఉంటుంది అన్నారు. మన దేశంలో అలా కుదరదు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన బ్యాంక్ నుంచే తీసుకోవాలి, దాత ఎవరో మనకి తెలియదు, మనం ఎవరో దాతకి తెలియదు. ఆ నియమం నాకైతే ఎంత మేలు చేసిందో, ఇంట్లో గొడవ ఆ ఒక్క మాటతో ఆగింది. చివరికి మేము దత్తత వైపు వెళ్లాం, దత్తత చూసే ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకుని వెయిటింగ్‌లో ఉన్నాం. పెళ్లయి కనీసం రెండేళ్లు కలిసి ఉన్న జంట అయి ఉండాలి, హెల్త్ సర్టిఫికెట్ అడుగుతారు, క్లైన్‌ఫెల్టర్ ఉందని ఎవరూ ఏమీ అనలేదు.

ఎంవీపీ బావ:
చెల్లెమ్మా, ఈ మాటలు రాయడానికి ఎంత ధైర్యం కావాలో. కుర్రాడా, ఇదంతా మీ ఆవిడకి చదివి వినిపించు. ఇన్నాళ్లు టెస్టులన్నీ ఆమెకే చేశారంటున్నావు, ఇప్పుడు ఆమెకి తెలియకుండా నిర్ణయం తీసుకోకు.

మద్దిలపాలెం మాస్టారు:
నా వయసు 50 దాటింది. ఆలస్యంగా రావడం నాకు అలవాటే. ఈ జబ్బు కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది, బాత్రూంలో జారి పడితే మణికట్టు విరిగింది, ఆ చిన్న దెబ్బకే ఎందుకు విరిగిందని ఎముకల డాక్టర్‌కి అనుమానం వచ్చి డెక్సా స్కాన్ రాస్తే ఎముకలు డెబ్భై ఏళ్ల ముసలాయనవిలా ఉన్నాయన్నారు. అక్కడి నుంచి హార్మోన్లు, అక్కడి నుంచి కార్యోటైప్. పిల్లల్లేరు కదా మీకు, ఇప్పుడు తెలుసుకుని ఏం లాభం అని మా బావమరిది అన్నాడు. ఇక్కడ కూడా అందరూ పిల్లల చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి రాస్తున్నా, ఈ మందు పిల్లల కోసం కాదు బాబూ, నీ కోసం. ఎముకలు, కండ, రక్తం, మూడ్, నిద్ర, అన్నీ దాని మీదే ఉన్నాయి. షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, థైరాయిడ్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఇవి మనలాంటి వాళ్లకి ఇతరుల కంటే ఎక్కువ. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే బామ్ రాసుకుని కూర్చోకూడదు, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లాలి. రొమ్ము క్యాన్సర్ కూడా మిగతా మగవాళ్ల కంటే మనకి ఎక్కువ అవకాశం, ఆడవాళ్లంత కాదు. ఛాతీ పెరిగి ఉంటే గడ్డ ఏమైనా తగులుతోందా అని నెలకోసారి చూసుకోవడం తప్పేం కాదు. పాతబడిన ఛాతీ మాత్రం ఇంజెక్షన్‌తో తగ్గదు, ఇబ్బందిగా ఉంటే ఆపరేషనే.

నేను మొదట 250 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకునేవాడిని, రెండు మూడు వారాలకోసారి. వేసిన వారం పులి, చివరి వారం పిల్లి. స్కూల్లో పిల్లలు కూడా కనిపెట్టేశారు ఈ వారం మాస్టారు కొడతారా కొట్టరా అని. తర్వాత ఎక్కువ కాలం పనిచేసే 1000 మిల్లీగ్రాముల డిపో ఇంజెక్షన్‌కి మార్చారు. మొదటి దాని తర్వాత ఆరు వారాలకి రెండోది, ఆ పైన పది నుంచి పద్నాలుగు వారాలకోసారి. నూనెలా చిక్కగా ఉంటుంది, పిరుదులోకి చాలా నెమ్మదిగా, కనీసం రెండు నిమిషాలు తీసుకుని వేయాలి. వేయగానే కొందరికి దగ్గు వస్తుంది, అరగంట అక్కడే కూర్చోమంటారు, కూర్చోవాలి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునేది కాదు ఇది. రక్తపరీక్షలో హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే రక్తం చిక్కబడుతోందని అర్థం, డోసు ఆపుతారు లేదా తగ్గిస్తారు. నలభై దాటినవాళ్లకి ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష కూడా చూస్తారు.

సైన్స్ మాస్టారిని కదా, ఒక ముక్క చెప్పకపోతే నిద్ర పట్టదు. హ్యారీ క్లైన్‌ఫెల్టర్ అనే కుర్ర డాక్టర్ 1942లో అమెరికాలోని బోస్టన్‌లో తొమ్మిది మంది మగవాళ్లని చూసి ఇది రాశాడు. అప్పుడు అందరూ హార్మోన్ జబ్బు అనుకున్నారు. అదనపు ఎక్స్ ఉందని తేల్చింది 1959లో ఎడిన్‌బరోలో ప్యాట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్. పేరు మాత్రం మొదటాయనదే ఉండిపోయింది.

పెందుర్తి పవర్:
సరే, సగం ఆడ అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ వేరు మందు వల్ల నష్టం ఏముంది, ప్రయత్నిస్తే పోయేదేముంది?

ఎండో పీజీ:
పోయేది టైమ్, డబ్బు. ఏ మందూ కణంలోంచి ఒక క్రోమోజోమ్‌ని తీసేయలేదు, మా మందులు కూడా తీయలేవు. దాని వల్ల తగ్గినదాన్ని భర్తీ చేస్తాం, అంతే. పైగా మగతనం పొడి అని అమ్మేవాటిలో కొన్నిట్లో చెప్పకుండా టెస్టోస్టిరాన్ లాంటి స్టెరాయిడ్లు కలుపుతారు. అలాంటిది వాడితే ఏమవుతుందో పైన రాశాను.

కంచరపాలెం అమ్మ:
మా బాబుకి 13. చిన్నప్పుడు మాటలు ఆలస్యం, ఇప్పుడు చదవడంలో వెనకబడి ఉన్నాడు, పొడుగు మాత్రం వాళ్ల నాన్నని దాటేశాడు, కాళ్లు మరీ పొడుగు. క్లాసులో ఛాతీ గురించి ఏడిపిస్తున్నారని షర్ట్ లోపల రెండు బనియన్లు వేసుకుంటున్నాడు ఈ ఎండల్లో. పిల్లల డాక్టర్ గారు ఇదే టెస్ట్ రాశారు. రిపోర్ట్ రాలేదు ఇంకా. ఇది చదివి భయమేస్తోంది. చదువు రాదా వాడికి?

ఎండో పీజీ:
అమ్మా, భయపడకండి, ఒకవేళ అదే అయినా 13 ఏళ్లకి తెలియడం అదృష్టం. ఈ పిల్లల్లో ఎక్కువమంది తెలివి మామూలుగానే ఉంటుంది, ఇబ్బంది భాష దగ్గర, చదవడం దగ్గర. విన్నది అర్థమవుతుంది, మాట నోట్లోకి రావడానికి టైమ్ పడుతుంది. స్పీచ్ థెరపీ, చదవడానికి విడిగా సాయం, పరీక్షలో కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వమని స్కూల్‌తో మాట్లాడటం, ఇవి మందు కంటే ముందు. టెస్టోస్టిరాన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది వయసు చూసి కాదు, ఎల్‌హెచ్ పెరుగుతోందా, యుక్తవయసు లక్షణాలు మధ్యలో ఆగిపోతున్నాయా అని చూసి. పెద్ద డాక్టర్‌కి చూపించాలంటే వైజాగ్ కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) ఓపీలో చూపించొచ్చు, జెనెటిక్స్ సలహా కావాలంటే హైదరాబాద్ నిమ్స్‌లో విభాగం ఉంది.

మద్దిలపాలెం మాస్టారు:
అమ్మా, వాడిని నాలుగు మాటల్లో చెప్పమని తొందరపెట్టవద్దు, మార్కులు తగ్గితే పక్కింటి పిల్లాడితో పోల్చవద్దు. నా క్లాసులో ఇలాంటి పిల్లలు ఎంతమందిని బద్ధకస్తులని బెంచీ ఎక్కించి ఉంటారో మా తోటి మాస్టర్లు. రిపోర్ట్ ఏదొచ్చినా వాడికి చెప్పండి, వాడి వయసుకి అర్థమయ్యేలా. దాచిపెడితే పెళ్లయ్యాక తెలుస్తుంది.

కూర్మన్నపాలెం కుర్రాడు:
అప్‌డేట్. ఇంజెక్షన్ వేయించుకోలేదు. ఎండోక్రైనాలజిస్ట్‌ని కలిశాం, ఇద్దరం వెళ్లాం. ఉదయం పూట మళ్లీ రక్తం ఇస్తే టెస్టోస్టిరాన్ 240 వచ్చింది, అదీ తక్కువే. డెక్సాలో నడుము దగ్గర ఎముక కొంచెం పలచన, డి విటమిన్ బాగా తక్కువ, దానికి మందు ఇచ్చారు. షుగర్, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. మైక్రో టెసే చేసే సర్జన్‌ని హైదరాబాద్‌లో చూడమన్నారు. ఆయన్ని మీరు స్వయంగా ఎంతమందికి చేశారని అడిగాను, నవ్వి లెక్క చెప్పారు, సీతమ్మధార అక్కా, మీకు థ్యాంక్స్. కణాలు దొరికితే ఫ్రీజ్ చేస్తారట. దొరకకపోతే ఏం చేయాలన్నది ఇద్దరం ముందే మాట్లాడుకున్నాం, అది ఇక్కడ రాయను. ఆ తర్వాతే టెస్టోస్టిరాన్. అమ్మకి మాత్రం హార్మోన్ తక్కువ అని చెప్పి ఊరుకున్నాను.

ఒక సందేహం. ఆపరేషన్ అయిన మర్నాడే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి తిరిగి వచ్చేయొచ్చా? సెలవులు లేవు.

సీతమ్మధార నుంచి:
డిశ్చార్జ్ చేసి సర్జన్ సరేనంటే రావచ్చు, మేము ఒక రాత్రి ఎక్కువ ఉండి వచ్చాం. లోయర్ బెర్త్ మాత్రం ఇప్పుడే బుక్ చేసుకో, పై బెర్త్ ఎక్కడం నీ వల్ల కాదు. బిగుతైన సపోర్టర్ రెండు కొనుక్కుని వెళ్లు. వాపు చూసి కంగారుపడకు, కానీ వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు ఫోన్ చెయ్యి. బరువులు ఎత్తే పని ఎప్పుడు మొదలుపెట్టొచ్చో అక్కడే రాయించుకుని రా, మీ కంపెనీకి ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది, అందులో ఏ ఆపరేషనో రాయక్కర్లేదు.